మనిషే రావాలి

పెళ్లికైనా చావుకైనా జనం తమ బదులు మరబొమ్మను పంపడం మొదలై ఇరవై ఏళ్లయింది. భర్త పాడెను నాలుగు బొమ్మలు మోసుకెళ్లిన రోజు నుంచీ రిటైర్డు టీచరు హైమవతికి అవంటే ఒళ్లు మంట. కాలనీలో ఏ పనికైనా మనుషులే రావాలన్న తీర్మానం కోసం, ఎవరూ పిలవకపోయినా వీధి వీధికీ వెళ్లి, ఆరు నెలలు గొంతు పోయేలా ఉపన్యాసాలిచ్చింది.

ఓటింగు రోజున హాలు నిండా బొమ్మలే. "సిగ్గులేదూ మీ యజమానులకి?" అని కడిగి పారేసింది. బొమ్మలన్నీ ఒక్కసారిగా చప్పట్లు కొట్టి, తీర్మానాన్ని ఏకగ్రీవంగా నెగ్గించాయి.

కొత్త రూలు ప్రకారం తర్వాతి ఆదివారం మొదటి మీటింగు. హైమవతి వెళ్లేసరికి హాల్లో బొమ్మల్లేవు, మనుషులూ లేరు. ప్రతి కుర్చీ మీదా, బస్సులో సీటుకు వేసినట్టు, ఒక కర్చీఫ్ ఉంది.

"ఇదేంటి సింహాచలం?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"పొద్దున్నే బొమ్మలొచ్చి ఏసెళ్లాయమ్మా. సార్లందరూ బయల్దేరిపోయారంట. ఈలోగా మిమ్మల్ని మొదలెట్టేయమన్నారు."

హైమవతి మైకు దగ్గరికి నడిచి, ముందు వరసలో కాలనీ ప్రెసిడెంటు కుర్చీ మీది కర్చీఫ్ తీసి చెమట తుడుచుకుంది. ఆయన కాలనీకి పనికిరావడం ఇదే మొదటిసారి.