ఏ సెక్షన్ సార్?

"ఆ డబ్బా ఏంటమ్మాయ్?"

ఎస్సై ఉదయ్ భాస్కర్ కారు కిటికీలోకి వంగి, అద్దం కింద ఎర్రగా మిణుకుమంటున్న డబ్బాను చూపించాడు. పాల్వంచ దాటాక వచ్చే అడవి మలుపులో పొద్దుటి నుంచి స్పీడ్ గన్‌తో కాపు కాస్తున్నాడు.

"రాడార్ డిటెక్టర్ సార్. మీ గన్ను దగ్గర్ల ఉంటే కూత పెడతది," దాచకుండా చెప్పింది కళ్యాణి.

పైకి అలా అన్నా చేతి గడియారం వంక చూసుకుంది. పదకొండింటికి భద్రాచలంలో పరీక్ష. పాసైతే ఉద్యోగం ఖాయం. ఆడపిల్లకు ఆ ఉద్యోగమేంటని తండా అంతా నవ్వినా పట్టు విడవలేదు. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"పోలీసులు ఎక్కడున్నారో చెప్పే డబ్బా ఈ అడవిలో ఎవరికి కావాలో తెలుసా? కేసు పెడితే ఇప్పట్లో బయటికి రావు. దిగు!"

కళ్యాణికి ఒళ్లు మండింది. దిగి తలుపు ధడేలున వేసింది.

"ఏ సెక్షన్ సార్?"

"ఏంటీ?"

"గిది పెట్టుకోవద్దని ఏ చట్టంల ఉంది? కాయితం మీద రాసియ్యుండ్రి, నేనే ఊడదీసిస్త. సెకండ్ హ్యాండ్ కారు. కొన్ననాడే ఉండె, మా నాయిన గట్లనే ఉంచిండు. ఇగో ఆర్సీ, ఇగో ఇన్సూరెన్సు."

ఎస్సై కాగితాలు తిరగేశాడు గానీ కళ్లు డబ్బా మీదే ఉన్నాయి.

"స్పీడెంత?" కానిస్టేబుల్ వెంకటప్పయ్యను అడిగాడు.

"ముప్ఫై ఎనిమిది సార్."

"ముప్ఫై ఎనిమిదిలో పోయేదానికి డిటెక్టర్ ఎందుకే!"

"ఎందుకే గిందుకే అనకుండ్రి సార్. సెక్షన్ రాయుండ్రి. రాసేదాంక నేను ఈడికెళ్లి కదల."

వెనక బస్సు ఆగింది. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వింటున్నారు. ఎస్సై స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అక్కడా ఎవరికీ తెలియదు.

"ఎందుకొచ్చిన తంటా సార్," గొణిగాడు వెంకటప్పయ్య.

ఎస్సై కాగితాలు ఆమె చేతిలో కుక్కాడు. "పో! మళ్లీ ఈ రోడ్డు మీద కనిపించావో..."

"కనిపిస్త సార్. దినాం గిదే తొవ్వల వస్త!"

పదకొండుకు ఐదు నిమిషాలుండగా భద్రాచలంలో కారు ఆపింది. దిగి, పిలుపు కోసం వరసలో నిలబడింది.

అది డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష.