పద్దెనిమిదో చిల్లు

“తుపాకీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. బల్ల మీద పెట్టి ఓ అడుగు వెనక్కి వెయ్యాలి. మొదటిరోజు నేర్పిన పాఠమేరా లైల్! అప్పుడే మర్చిపోయావా?”

లైల్ నాలిక్కరుచుకున్నాడు. తనిఖీ చేసి అందివ్వబోయిన పిస్తోలును బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు. ఆ షూటింగ్ రేంజ్‌లో పరీక్షలు పెట్టేది అతనే. కానీ పాతికేళ్ల కిందట అతనికి పిస్తోలు పట్టుకోవడం నేర్పింది మాత్రం ఎదురుగా నిలబడ్డ ఎలీసియో. పెద్దాయన కాబట్టి అందరూ గౌరవంగా ‘డాన్’ అని పిలుస్తారు. అప్పట్లో ఆయన పోలీసు, షెరీఫ్ దగ్గర డిప్యూటీ. ఇప్పుడాయనకి డెబ్బై తొమ్మిదేళ్లు.

చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగాలంటే రెండేళ్లకోసారి ఈ గురి పరీక్ష నెగ్గాలి. పాతిక తూటాలు పేల్చాలి. కాగితం మీది నల్లటి మనిషి బొమ్మలో కనీసం పద్దెనిమిది తగలాలి.

“ఇవాళ తప్పితే ఈ పిస్తోలు నీకే వదిలేసిపోతా. ఇంట్లో కూడా ఉంచుకోను” అన్నాడు ఎలీసియో.

“లైల్, నువ్వు ఆశలు పెట్టుకోకు” అంటూ నవ్వింది ఆయన కూతురు డెల్ఫినా. “నాన్న తప్పడమా? అంత సీన్ లేదు. మధ్యాహ్నానికి పచ్చిమిరపకాయల ఎంచిలాడాలు చేసి పెట్టొచ్చాను. మా వీధి వీధంతా భోజనానికొస్తున్నారు.”

“నువ్వు అద్దం అవతలికి వెళ్లవే తల్లీ. నీ వాగుడుకే గురి తప్పేట్టుంది.”

డెల్ఫినా ఫోను పట్టుకుని అద్దం గోడ వెనక నిలబడింది. మగవాళ్లిద్దరూ మోత వినపడకుండా చెవులకి కప్పులు తగిలించుకున్నారు.

మొదట మూడు గజాల దూరం నుంచి పదిహేను తూటాలు. నడిచేటప్పుడు కొద్దిగా వణికిన ఎలీసియో చేతులు పిస్తోలు అందుకోగానే రాయిలా నిలిచాయి. ఊపిరి సగం వదిలి ఆపాడు. తూటా వెనక తూటా.

లైల్ కాగితాన్ని దగ్గరికి లాగి చూశాడు. పదిహేను తూటాలకీ గుండె మీద ఒకే ఒక్క చిల్లు. వెండి డాలరంత. చుట్టూ మరో గాటు కూడా పడలేదు.

“దేవుడా!” అన్నాడు. వేలమందికి పరీక్ష పెట్టినవాడు. ఇలాంటిది చూడలేదు. అద్దం అవతల డెల్ఫినా గంతులేస్తోంది.

“ఇంక మూడు తగిలితే చాలు, డాన్!”

ఎలీసియో తలూపాడు. ఏడు గజాల దగ్గర పది తూటాలు. అదే నిలకడ, అదే ఊపిరి. పేలుళ్లు ఆగాయి.

ఈసారి కాగితం దగ్గరికి రాగానే లైల్ మొహం పాలిపోయింది. నలుపులో కొత్తగా పడ్డవి రెండే. మొత్తం పదిహేడు. మిగతా ఎనిమిదీ చెవి పక్కన తెల్లకాగితంలో దిగాయి.

“ఒక్కటి తక్కువ” అన్నాడు నీరసంగా. “బొమ్మ అంచు గీతని తాకినా మీకే లెక్క. ఉండండి, చూస్తాను.”

కళ్లజోడు పైకి నెట్టి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. ఎనిమిది తూటాలూ ఒకే చిల్లులోంచి వెళ్లాయి. ఆ చిల్లు అంచుకీ నల్లగీతకీ మధ్య వెంట్రుకవాసి ఎడం. దానివెంట వేలు పోనిచ్చి చూశాడు. గీతని తాకించడం ఎవరైనా చెయ్యొచ్చు. ఎనిమిదిసార్లు అంత దగ్గరికొచ్చి ఒక్కసారీ తాకకుండా ఆపడం మనిషి వల్ల అయ్యే పనేనా?

“మీరు కావాలనే తప్పారు.”

“కళ్లు ఆనలేదని రాయి. అమ్మాయికీ అదే చెప్పు.”

“నేను రాయను! ఇంకో అవకాశం ఉంది, మళ్లీ కాల్చండి. లేదంటే గీతని తాకిందనే రాసేస్తాను. ఎవడొచ్చి కొలుస్తాడు?”

“పదిహేడని రాయరా. అబద్ధాలు రాయమని నీకు నేర్పలేదు.”

ఎలీసియో పిస్తోలు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, ఓ అడుగు వెనక్కి వేశాడు. నలభై ఏళ్లు నడుముకి ఉన్న తోలు ఒరని కూడా తీసి దాని పక్కన పెట్టాడు.

“ఎందుకు డాన్? మీ అంతటివాడు ఈ రాష్ట్రంలోనే లేడు!”

“అదే భయం.” ముసలాయన గొంతు తగ్గించాడు. “నిన్న పొద్దున వంటింట్లోకి ఎవరో దూరారు. పక్కనుంచి మొహం స్పష్టంగానే చూశాను, అస్సలు తెలియని మనిషి. వెనకనుంచి గురిపెట్టాను. ట్రిగ్గర్ మీద వేలు బిగించాను కూడా. తనకి తెలీదు, వెనక్కి తిరగలేదు.”

“మీ ఇంట్లోకా! ఎవరది?”

అద్దం అవతలినుంచి చెయ్యి ఊపుతున్న మనిషికేసి చూస్తూ ఎలీసియో చెప్పాడు.

“డెల్ఫినా.”