మూరెడు దూరం

జనవరి పందొమ్మిది, ఆదివారం ఉదయం 8:42కు పాల్వంచ–భద్రాచలం రోడ్డు మీద యశోద సైకిల్ చైను ఊడింది.

యశోదకు ముప్పై ఐదేళ్లు. అడవి లోపలి గూడెం నుంచి ఫారెస్టు బీట్ ఆఫీసర్ పరీక్ష రాయడానికి బయలుదేరింది. వయసు లెక్కన ఇదే ఆఖరు అవకాశం. రోడ్డెక్కాక రెండు బస్సులు వచ్చాయి. రెండూ నిండి ఉన్నాయి, ఆగలేదు. రోడ్డు దాకా దింపడానికి వచ్చిన తమ్ముడు బొజ్జయ్య సైకిల్ తీసుకుంది.

పరీక్ష రాయాల్సిన కాలేజీ ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. గేటు 9:45కు మూస్తారు. గాలి ఎదురుగా వీస్తోంది.

సన్న టైర్ల సైకిల్ మీద ఒకతను ఆమెను దాటి వెళ్లాడు. యాభై గజాలు పోయి, వెనక్కి తిరిగి వచ్చాడు.

“ఏమైంది చెల్లె?”

“చైను ఊడింది. ఎక్కుతలేదు.”

ఎక్కించడానికి అతనికి అర నిమిషం పట్టింది. వేళ్లు గడ్డికి తుడుచుకున్నాడు.

“ఎటు పోవాలె?”

చెప్పింది. గేటు సంగతీ చెప్పింది.

అతను హ్యాండిల్‌కు బిగించిన మీటరు చూసుకున్నాడు. తర్వాత రోడ్డు చూశాడు.

“ఈ గాలికి ఒక్కదానివే పోతే టైముకు చేరవు. నా ఎనక చక్రానికి మూరెడు దూరంల ఉండు. గాలి నాకు తగుల్తది, నీకు తగలది.”

“గుద్దితే?”

“గుద్దినోళ్లే పడతరు. ముందటోనికి ఏం గాదు.”

“మంచిగ జెప్పినవ్ అన్నా!”

బయలుదేరారు. రెండు కిలోమీటర్లు పోయేసరికి యశోదకు మాట్లాడేంత ఊపిరి వచ్చింది.

“ఏం పని జేస్తవన్నా?”

“సైకిల్ తొక్కుత.”

“అదీ ఒక పనేనా?”

“జీతం గూడ ఇచ్చిన్రు.”

“పేపర్ ఏస్తవా?”

అతను వెనక్కి తిరగకుండానే నవ్వాడు.

“గట్లనే అనుకో.”

మీటరు కూసింది. కాసేపటికి మళ్లీ కూసింది.

“గా డబ్బా ఎందుకు మొత్తుకుంటున్నది?”

“మెల్లగ పోతున్ననని తిడుతున్నది.”

“ఆపరాదు?”

“ఆపితే అలుగుతది.”

“అది తిట్టుడు గూడ నిజమే. గింత మంచి సైకిల్, గింత మెల్లగనా? మా తానికి వచ్చే పాలోడు నయం.”

“పాలోనికి పాలు ఇరుగుతయని భయం. నాకేముంది?”

దారిలో అతను ఒక చేత్తో అరటిపండు ఒలిచి, సగం విరిచి, చెయ్యి వెనక్కి చాపాడు. యశోద అందుకోబోయి తూలింది, పడలేదు. పండు తిన్నది.

“ఆదివారం పొద్దుగాల ఇంట్ల పనేం లేదా నీకు?”

“మా అమ్మ గూడ గదే అంటది. ప్రార్థనకు రాకుండ రోడ్లు పట్టుకొని తిరుగుతవేందిరా అంటది.”

“నిజమే గద. ముసలామె మాట ఇనాలె.”

“ఇంట. రేపటి సంది.”

సారపాక దాటి, 9:36కు గోదావరి వంతెన ఎక్కారు. వంతెన చివర నలుగురు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో జెండా, ఒకరి చేతిలో గడియారం. అతన్ని చూసి ఒకరు చేతులు తల మీద పెట్టుకున్నారు. అతను చెయ్యి ఊపి, ఆగకుండా ముందుకు పోయాడు.

“ఎవలన్నా వాళ్లు?”

“దోస్తులు. టిఫిన్‌కు పిలిచిన్రు. లేటయిందని కోపం.”

9:41కు కాలేజీ ముందు ఆగారు. గేటు ఒక రెక్క అప్పటికే మూసి ఉంది.

“ఉరుకు. సైకిల్ నేను తాళమేసి వాచ్‌మన్‌కిస్త.”

యశోద ఉరికింది. పరీక్ష అయ్యాక వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుంది. అతను లేడు.

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. యశోదకు ఉద్యోగం వచ్చింది. అదే రోడ్డు పక్కన చెక్‌పోస్టు దగ్గర డ్యూటీ వేశారు. ఆ దారిన సైకిళ్ల మీద పోయేవాళ్లను ఆపి ఆమె అడిగేది. ఎవరూ చెప్పలేకపోయారు.

నవంబరులో ఖమ్మం నుంచి సైకిళ్ల మీద వచ్చిన ఆరుగురు నీళ్లకోసం ఆగారు. వాళ్లలో అక్కడి ఖానాపురం హవేలి అమ్మాయి స్తుతి ఉంది. కాలేజీలో లెక్చరర్.

“మీ ఖమ్మంల పేపర్ ఏసే ఒకాయన ఎర్కేనా? పొడుగ్గ ఉంటడు. ఎడమ చెవి పైన కుట్ల మచ్చ. ఒక్క చేత్తోటి అరటిపండు ఒలుస్తడు.”

స్తుతి సీసా దించింది.

“ఎప్పుడు చూసిన్రక్కా?”

“జనవరి పందొమ్మిది. నన్ను పరీక్షకు తోల్కపోయిండు. ముందట తను, ఎనక నేను.”

“పేరు అడగలేదా?”

“గేటు మూస్తుంటే ఏం అడుగుత?”

స్తుతి తోటివాళ్ల వైపు చూసింది.

“జస్టిన్ సార్. మా క్లబ్బే. పోయిన నెలనే మలేషియా పోయిండు, అక్కడి జట్టుకు కోచ్‌గ.”

“అయ్యో. పేపర్లు ఏసుడు బంద్ జేసిండా?”

“సార్ పేపర్లు ఎప్పుడు ఏసిండక్కా?” అని స్తుతి మిగతాది చెప్పింది.

జస్టిన్ రోడ్డు రేసులో ఐదుసార్లు జాతీయ చాంపియన్. మూడేళ్లు మలేషియా జట్టుకు జీతానికి తొక్కాడు. ఖమ్మం నుంచి భద్రాచలం వంతెన దాకా అతి తక్కువ సమయంలో తొక్కిన రికార్డు ఏడేళ్లు అతని పేరు మీదే ఉండేది. తర్వాత ఇంకొకరు దాన్ని దాటారు. అది తిరిగి తెచ్చుకుని రేసులు మానేస్తానని క్లబ్బుకు రాసిచ్చి, జనవరి పందొమ్మిదిన ఉదయం ఆరింటికి ఖమ్మంలో బయలుదేరాడు. ఆ తర్వాత ఏ రేసులోనూ పాల్గొనలేదు.

యశోద కోసం వెనక్కి తిరిగే సమయానికి అతను రికార్డు కన్నా నాలుగు నిమిషాలు ముందున్నాడు.