ఒక్కపూట జ్వరం

"జర మూలుగు. మరీ చచ్చేటట్టు కాదు, దానికి జర తక్కువ," అంటూ సంధ్యారాణి మొగుడి మీద రెండో దుప్పటి కప్పింది.

"ఎండకాలంల రెండు దుప్పట్లేందే? నిజంగనే జ్వరం వచ్చేటట్టుంది," అని గొణిగాడు గంగారాం.

"వస్తే ఇంకా మంచిది."

పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే మిషన్ గురించి గంగారాం అంత ఎరిగినవాడు ఆర్మూరులో లేడు. డ్రమ్ము తిరిగే చప్పుడు వింటే చాలు, ఏ బేరింగు పోబోతోందో చెప్పేస్తాడు. అయినా సేటు తన పసుపు కార్ఖానాలో మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టింది రాజాన్ని. రాజానికి పానాకూ పట్టకారుకూ తేడా తెలియదు. ఇస్త్రీ చొక్కా నలగకుండా మాట్లాడటం మాత్రం బాగా తెలుసు.

అదైనా సంధ్యారాణి మింగేసేదే, రాజం పెళ్లాం వినోద పక్కింట్లోనే ఉండకపోతే. నిన్నమొన్నటిదాకా "వినోదా" అన్న కూరగాయలామె ఇప్పుడు "మేనేజరమ్మా" అంటూ ఆమెకు కొత్తిమీర ఊరికే ఇస్తోంది. సంధ్యారాణికి మాత్రం కట్ట ధర చెబుతోంది. పైగా నిన్న వినోద గోడ మీదుగా, "బావ అంగీలకు అంత గ్రీజు గదా, ఏం సబ్బు వాడుతవక్కా?" అని అడిగింది.

ఈ జ్వరం అప్పుడే ఖాయమైంది.

"సీజన్ల మిషన్ ఆపుడు పాపమే," దుప్పట్లోంచి గంగారాం.

"నువ్వు ఆపుతున్నవా? జ్వరం గదా ఆపేది! ఒక్కపూట నువ్వు లేకుంటే ఏమైతదో సేటు సూడాలె. అప్పుడు తెలుస్తది గా కుర్సీ ఎవలిదో."

కాసేపటికే రాజం పరుగున వచ్చాడు. చొక్కా నిండా పసుపు, మోచేతుల దాకా గ్రీజు.

"వదినా, అన్న ఏడి? బెల్టు తెగింది. నేను చెయ్యి పెడితే డ్రమ్ము మొత్తానికే బిగుసుకపోయింది. బయట నందిపేట రైతుల బండ్లు లైను గట్టినయి. సేటు నన్ను మింగేటట్టు సూస్తుండు!"

"జ్వరం, రాజం. లేస్తలేడు." సంధ్యారాణి గొంతు ఎంత దిగులుగా ఉందో కడుపులో అంత చల్లగా ఉంది. "మేనేజరువు గదా, నువ్వే జర సూస్కోరాదు?"

రాజం ఉసూరుమంటూ తిరిగిపోయాడు. ఆ చొక్కా చూసి పక్కింటి గుమ్మంలో వినోద నోరు తెరిచింది.

"సబ్బు నేనిస్త తియ్యి, చెల్లే!" అంది సంధ్యారాణి.

మధ్యాహ్నం సేటే స్వయంగా వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా గంగారాం చెయ్యి పట్టుకున్నాడు.

"రైతులందరు తిట్టుకుంట వేరే కార్ఖానాకు పోయిండ్రు. నీ విలువేందో ఇయ్యాల తెలిసింది, గంగారాం."

సంధ్యారాణి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మొగుడి కాలు గిల్లింది. మూలుగు ఆగింది.

"రాజానికి మస్కట్ వీసా వచ్చింది. కండ్లు పడ్తయని ఎవ్వలికి చెప్పలే. ఎల్లుండి పోతుండు. ఇగ కుర్సీ ఖాళీ."

"అయ్యో, గట్లనా!" అంటూ సంధ్యారాణి గబగబా చాయ్‌కి లేచింది. సేటు కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసింది.

"గా కుర్సీల నిన్నే కూసోబెడుదామనుకున్న. ఇయ్యాల పొద్దుగాల అందరి ముందట చెప్పాలని పూలదండ గూడ తెప్పించిన."

గంగారాం రెండు దుప్పట్లూ తోసేసి లేచి కూర్చున్నాడు. జ్వరం ఎటు పోయిందని ఎవరూ అడగలేదు.

సేటు పైకి చూసి దండం పెట్టాడు. "దేవుడే అడ్డం పడ్డడు. నువ్వు లేకుంటే ఏమైతదో ముందే సూపెట్టిండు."

సంధ్యారాణి చాయ్ కప్పు సేటు చేతికి అందించింది.

"ఇగ జన్మల నిన్ను మిషన్ కాడికెల్లి కదిలియ్య."