ముక్కు దించు

"సార్... సార్, వినపడుతోందా?"

హెడ్‌సెట్‌లో గరగర తప్ప జవాబు లేదు. ఇంతదాకా "బాగుంది, అలాగే తిప్పు, తొందరపడకు" అంటూ కింద నుంచి చెబుతున్న శిక్షకుడి గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ఆయనది చేత్తో పట్టుకునే చిన్న రేడియో సెట్టు. ఛార్జింగే అయిపోయిందో, చెయ్యి జారి కిందే పడిందో!

పక్కన శిక్షకుడు లేకుండా అతను విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఖాళీ సీటు వైపు చూడకూడదు అనుకుంటూనే చూశాడు.

క్లాసులో అతన్ని అందరూ 'డిక్షనరీ' అంటారు. లిఫ్ట్, డ్రాగ్, థ్రస్ట్, పిచ్, యా... ఏ మాట అడిగినా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తాడు. ఇప్పుడు మాత్రం ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు. ఎక్కేటప్పుడు లేని గాలి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, ఎడమ పక్క నుంచి విమానాన్ని తోసేస్తోంది. ఎదురుగా, దిగాల్సిన రన్‌వే పక్కకి జరిగిపోతోంది. మరీ కిందికి వెళ్లిపోతున్నానని భయపడి, చేతిలోని యోక్‌ని, విమానం స్టీరింగుని, వెనక్కి లాగాడు. ఇంకొంచెం లాగాడు.

అద్దంలో నేల మాయమై ఆకాశం వచ్చింది. ఎడమ రెక్కలోంచి సన్నగా, ఈల వేసినట్టు, హెచ్చరిక కూత మొదలైంది.

"అమ్మో!" అన్నాడు, తెలియకుండా నొక్కి ఉంచిన సెట్టు బటన్‌ని వదిలేస్తూ.

"ముక్కు దించు."

ఆడగొంతు. గట్టిగా, తాపీగా ఉంది.

"ఎవరండీ..."

"పరిచయాలు తరవాత. ముందు ముక్కు దించు. లాగుతున్నది వదులు."

"దించితే నేలకి గుద్దుకుంటాను మేడం! ఇప్పటికే బాగా కిందున్నాను!"

"కూత వినపడుతోందిగా? స్టాల్ అంటే ఏంటో చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఊఁ."

"స్టాల్ అంటే... ఇంజన్ ఆగిపోవడం కాదు. ముక్కు మరీ పైకి లేస్తే గాలి రెక్కని అంటిపెట్టుకుని పారదు, విడిపోతుంది. లిఫ్ట్ పోతుంది. రెక్క ఇంక విమానాన్ని మొయ్యలేదు."

"మొయ్యాలంటే?"

"ముక్కు దించాలి," అన్నాడు. నోరు ఆ మాట అనేసరికి చేతులు వాటంతటవే ముందుకి కదిలాయి.

"థ్రాటిల్ పూర్తిగా తొయ్యి. ఎడమ రెక్క వాలుతోంది, కుడికాలి పెడల్ నొక్కు. నొక్కు!"

ఇంజన్ గొంతు చించుకుని అరిచింది. కంచె, దాని పక్కన ఎండిన పొదలు, ఎవరో ఆపుకున్న ఎర్ర మోటార్‌సైకిలు కాళ్ల కిందే అన్నంత దగ్గరగా వెళ్లిపోయాయి. కూత ఆగింది. విమానం ఊగుతూ ఊగుతూ పైకి లేచింది.

"హమ్మయ్య," అంది ఆ గొంతు. "ఈసారికి దిగొద్దు. ఒక చుట్టు తిరిగి మళ్లీ రా."

"నా వల్ల కాదు మేడం."

"నీ వల్ల కాకపోతే ఇంకెవరి వల్ల అవుతుంది? పక్కన ఎవరన్నా కూర్చున్నారా?"

ఏడుపులోంచి నవ్వొచ్చింది అతనికి. కాస్త ఊపిరి అందింది. ఆఫీసు గదిలో పెద్ద సెట్టొకటి ఉంది. శిక్షకుడు పరిగెత్తుకెళ్లి, బాగా తలపండిన పైలట్ ఎవరినో దాని ముందు కూర్చోబెట్టి ఉంటాడు. ఇలాంటి వాళ్లని ఎంతమందిని దింపి ఉంటుందో ఈవిడ! ఆ ఆలోచనతో వెన్ను నిటారైంది.

చుట్టు తిరుగుతున్నంతసేపూ ఆమె అతన్ని ఖాళీగా ఉండనివ్వలేదు.

"డ్రాగ్ అంటే?"

"విమానాన్ని ముందుకి పోనివ్వకుండా వెనక్కి పట్టుకునే గాలి."

"ఫ్లాప్స్ దించితే ఏమవుతుంది?"

"లిఫ్టూ పెరుగుతుంది, డ్రాగూ పెరుగుతుంది. నెమ్మదిగా దిగొచ్చు."

"తెలిసి కూడా దించవేం మరి?"

దించాడు. రెక్కల వెనక అంచు పలకలు కిందికి వాలాయి. రన్‌వే మళ్లీ ఎదురుగా వచ్చింది. గాలి మళ్లీ తోసింది.

"యా అంటే?"

"ముక్కు పక్కలకి తిరగడం."

"ఆ ముక్కుని కొంచెం గాలి వైపు తిప్పి పట్టుకో. వంకరగా పోతున్నట్టు అనిపిస్తుంది, పోనీ. నేల దగ్గరికి వచ్చాకే తిన్నగా చెయ్యి."

చివరి మాట దగ్గర ఆమె గొంతు వణికినట్టయింది.

"మేడం? ఏమైంది?"

"నా సంగతి నీకెందుకు! వేగం చూసుకో. ఆఁ, ఇప్పుడు తిన్నగా... మెల్లిగా లాగు... మెల్లిగా అన్నానా!"

చక్రాలు నేలని కొట్టాయి. విమానం ఒక్కసారి ఎగిరిపడింది. మళ్లీ ఆనింది. ఈసారి నేలనే పట్టుకుని, కీచుమంటూ పరిగెత్తి, వేగం తగ్గి, రన్‌వే పక్క దారిలోకి తిరిగి ఆగింది.

చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వేళ్లు యోక్‌ని వదలనంటున్నాయి. దూరంగా శిక్షకుడు పనిచెయ్యని సెట్టు ఊపుకుంటూ గడ్డిలో అడ్డంపడి వస్తున్నాడు. సగం దూరం వచ్చినవాడు టక్కున ఆగి, తలెత్తి పైకి చూడసాగాడు.

"మేడం! దిగాను మేడం! మీరు లేకపోతే ఈపాటికి నేను బూడిదే!" అన్నాడు అతను. కళ్లు, ముక్కు ఏకమైపోతున్నాయి. "ఆఫీసులోనే ఉండండి, వస్తున్నా. మీ ముఖం ఒక్కసారి చూడాలి."

మళ్లీ గొంతు వచ్చినప్పుడు అందులో ఇంతకుముందున్న పెద్దరికం ఒక్క పిసరు కూడా లేదు.

"సీట్లోంచి లేవకు, సెట్టు ఆపకు, నేను దిగేదాకా నాతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు... నేను పక్క ఫ్లయింగ్ స్కూల్లో నేర్చుకుంటున్నాను, ఒంటరిగా ఎక్కడం నాకూ ఇవాళే మొదటిసారి."