కాస్త చెయ్యి వెయ్యి

"అబ్బాయా, కాస్త చెయ్యి వెయ్యి. గంప లేవట్లేదు."

అజయ్ బాబు తల ఇంకాస్త కిందికి దించుకున్నాడు. రేపల్లె స్టేషన్లో చిట్టచివరి బెంచీ మీద కూర్చుంటే ఎవరూ పలకరించరనే ధీమాతోనే అతను అక్కడ కూర్చున్నాడు.

"నిన్నే నాయనా. చెవుడా ఏంటి?"

తలెత్తాడు. అరవై దాటిన మనిషి. నెత్తిన చుట్టకుదురు, కాళ్ళ దగ్గర చేపల గంప. నిజాంపట్నం నుంచి ఆటోలో వచ్చి, రైల్లో తెనాలి బజారుకి పోయే చేపలావిడని చూడగానే తెలుస్తోంది.

"ఇంకెవర్నైనా అడగండమ్మా."

"ఇంకెవరున్నారిక్కడ? నువ్వు, నేను, అదిగో ఆ కాకి."

ఆ పొద్దున అతనికి ఇంటికి తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు. ఫోను కూడా ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

భార్య ఫ్లోరెన్స్ జబ్బు చేసి పోయి ఏడాదిన్నర. మొదట్లో ఇల్లు పట్టనంతమంది వచ్చారు. జ్ఞాపకార్థ కూడికలో ప్రార్థన చేశారు, భోంచేశారు, ధైర్యంగా ఉండమన్నారు. ఆ తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. పిల్లలు లేరు. గుమాస్తాగా పనిచేసే కాలేజీకి వారం నుంచి వెళ్ళకపోయినా ఎందుకని అడిగినవాడు లేడు. తను లేకపోతే ఈ లోకంలో ఒక్క పనీ ఆగదని తేల్చుకున్నాడు.

"బండి కదిలిపోద్ది నాయనా!"

విసుక్కుంటూ లేచాడు. చెరోపక్క పట్టుకుని ఎత్తారు. గంప నెత్తికెక్కింది. కానాగంత చేపల నీళ్ళు అతని చొక్కా నిండా కారాయి.

"రేపూ ఇదే బండికి పోతాను. వచ్చి ఎత్తు."

"నేను రేపు... రానండి."

"రాకపోతే నా చేపలు కుళ్ళిపోతయ్. ఆ పాపం నీదే."

వెనక్కి చూడకుండా రైలెక్కేసింది.

ఏం మనిషండీ! సాయం అడిగి శాపం పెట్టి పోయింది. అజయ్ బాబుకి ఒళ్ళు మండింది. ఎవరిమీదైనా ఒళ్ళు మండి అతనికి చాలా కాలమైంది. ఆ నీచు కంపుతో అక్కడ కూర్చోలేక ఇంటికి పోయి స్నానం చేశాడు.

మర్నాడు వెళ్ళాడు. చేపలు పాడైపోతాయని వెళ్ళాడు, అంతే.

మూడో రోజు పేరడిగాడు. గంగాభవాని అంది.

"ఏం తిన్నావు పొద్దున?" అని ఎదురడిగింది.

ఏం తినలేదని చెప్పడానికి సిగ్గేసి, నాలుగో రోజు నుంచి ఏదో ఒకటి తిని వెళ్ళడం మొదలుపెట్టాడు.

నెల తిరిగేసరికి అదొక ఉద్యోగమైంది. జ్వరం వచ్చినా వెళ్ళాడు. "నేను లేకపోతే ఆ ముసలావిడ గంప లేవదండి" అని పక్కింటాయనకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఒక సోమవారం గంగాభవాని కొత్త పాట ఎత్తుకుంది.

"నాకు నిద్ర పట్టట్లేదు అబ్బాయా. ఆస్పత్రిలో మనసు డాక్టరు ఉన్నాడంట. ఒక్కదాన్నే పోవాలంటే భయం. తోడు రా."

తోడు వెళ్ళాడు. తీరా లోపలికి పిలిచాక ఆవిడ అతన్ని ముందుకి తోసింది.

"ముందు ఈ అబ్బాయిని చూడండి సార్. నాకు తొందరేం లేదు."

డాక్టరు అడిగిన నాలుగో ప్రశ్నకి అజయ్ బాబు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మనసులో పెట్టుకున్నదంతా చెప్పేశాడు. ఆయన మందులు రాసి, వారం వారం వచ్చి మాట్లాడి వెళ్ళమన్నాడు.

ఆవిడ మాత్రం చూపించుకోకుండానే బయటికొచ్చేసింది.

"మరి మీకో?"

"నీ ఏడుపు చూసి నా భయం పోయిందిలే."

వానలు పడేనాటికి అతను మళ్ళీ కాలేజీకి వెళ్తున్నాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. పొద్దునే గంప ఎత్తి మరీ పనిలోకి పోతున్నాడు.

ఒకరోజు గంగాభవాని రాలేదు.

మొదటిరోజు కోపమొచ్చింది. రెండోరోజు బెంగపడ్డాడు. మూడోరోజు ఉండబట్టలేక, ఎప్పుడూ వెనకదారిన చివరి బెంచీకే వచ్చిపోయేవాడు ప్లాట్‌ఫారం మొదట్లో ఉన్న గేటు దాకా నడిచాడు. అక్కడ పదిమంది చేపలమ్మే ఆడవాళ్ళు ఒకరి గంప ఒకరు ఎత్తుకుంటున్నారు.

"అమ్మా, గంగాభవాని గారు రావట్లేదేంటి?"

నాగవేణి అనే ఆవిడ ఎత్తబోతున్న గంప వదిలేసింది.

"పోయింది కదయ్యా. శుక్రవారం. గుండెపోటంట."

అజయ్ బాబు గోడకి చేరగిలబడ్డాడు. చివరిసారి చూడనైనా లేదు.

"పాపం, నేను రాకముందు గంప ఎత్తేవాళ్ళు లేక ఎంత అవస్థ పడేదో..."

"ఎత్తేవాళ్ళు లేకపోడమేంటి? మేం ఇంతమందిమి లేమా? ఇక్కడ మేమే ఎత్తేవాళ్ళం. ఆ బరువు నెత్తిన పెట్టుకుని ఆ చివరిదాకా నడిచిపోయేది. అక్కడ ఎవరైనా ఒంటరిగా కూర్చుని కనపడితే, వాళ్ళ ముందు దించి మళ్ళీ వాళ్ళచేత ఎత్తించుకునేది. నీకు ముందు ఎవరో పిల్ల. ఆ పిల్లకి ముందు చీరాలాయన."

"ఎందుకమ్మా?"

నాగవేణి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ కొడుకు పున్నారావు ఆ బెంచీ మీదే కూర్చున్నాడయ్యా, మరి ఇంటికి రాలేదు. ఆ పొద్దున వాడు ఈ గేటు దగ్గరకొచ్చి 'గంప ఎత్తనా అమ్మా' అంటే, 'నువ్వెందుకులేరా, నాకు ఎత్తేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు' అని పంపేసిందంట."