తిరగని చుట్టు

తగిలింది. అనుమానమే లేదు. రఘువీర్ పడవ, మలుపు దగ్గర తేలే నారింజ రంగు డ్రమ్ముకి రాసుకుని మరీ వెళ్ళింది. రూబెన్ కళ్ళారా చూశాడు.

తగిలిస్తే ఏం చెయ్యాలో, ఓఖ్లా దగ్గర యమున ఒడ్డునున్న ఈ చిన్న సెయిలింగ్ క్లబ్బులో మొన్న చేరినవాళ్ళక్కూడా తెలుసు. పడవని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, ఆ తర్వాతే ముందుకెళ్ళాలి. ఈల ఊదే అంపైర్ ఎవరూ ఉండరు. తప్పు చేసినవాడే తనకి తాను శిక్ష వేసుకోవాలి. ఈ ఆటకున్న కాస్త పరువూ ఆ చుట్టులోనే ఉంది.

రఘువీర్ చుట్టు తిప్పలేదు. పైగా రూబెన్ వంక చూసి కన్ను గీటాడు.

ఛీ!

యమున కంపు రూబెన్‌కి అలవాటే. నవంబరు ఆఖరి ఆదివారం. పైన తెల్లటి నురగ, కింద తారులాంటి నీళ్ళు. ఒక్క చుక్క ఎగిరి పెదవి మీద పడితే చాలు, ఆ పూటకి అన్నం సహించదు. ఆ నీళ్ళకన్నా ఈ కన్నుగీటే ఎక్కువ రోత పుట్టించింది. తుపుక్కున ఉమ్మాడు.

ఇది సీజన్‌లో ఆఖరి పందెం. పొగమంచు మొదలైతే క్లబ్బుకి తాళం పడుతుంది. ఏడు పడవల్లో రఘువీర్ పడవ, కాలేజీ పిల్ల వైశాలి పడవ సమానంగా ఉన్నాయి. ఇవాళ ఎవరు ముందొస్తే కప్పు వాళ్ళది. పడవకి ఇద్దరు. ఒకరు చుక్కాని పడితే, ఇంకొకరు ముందు తెరచాప తాడు లాగుతారు. గెలిస్తే ఇద్దరి పేర్లూ కప్పు మీద చెక్కిస్తారు.

రూబెన్‌కి ఆ కప్పు కావాలి. దాచుకోవడం దేనికి, చచ్చేంత కావాలి. సాకేత్‌లో ఓ ఆసుపత్రి ల్యాబులో వారమంతా జనాల మలమూత్రాలు పరీక్షించే మనిషి. పదకొండేళ్ళుగా ఆదివారం చర్చి కూడా ఎగ్గొట్టి ఇక్కడికొస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క చెంచా కూడా గెలవలేదు.

“ఆ మురిక్కాలవలో ఏవుందండీ? కంపు బట్టలు తప్ప ఇంటికి తెచ్చిందేవుంది?” అని భార్య ఎల్సా వారం వారం దెప్పుతూనే ఉంటుంది. అలాంటి ఎల్సా కూడా ఇవాళ పాస్టరు గారి కుటుంబాన్ని రాత్రి భోజనానికి పిలిచింది. ఈసారి కప్పు మా ఆయనదేనని చెప్పి మరీ పిలిచింది.

పందెం ముగిసింది. రఘువీర్ పడవ మొదటిది, వైశాలిది రెండోది. ఫిర్యాదు ఉందని వైశాలి నీళ్ళ మీదే ఎర్ర జెండా ఎత్తింది. ఒడ్డుకి రాగానే ఫిర్యాదు రాసిచ్చింది.

టీ బల్ల దగ్గర రూబెన్‌ని రఘువీర్ పట్టుకున్నాడు. హైదరాబాద్ మనిషి, గుర్గావ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి నిజాయితీ గురించి గంటసేపు క్లాసు పీకేది కూడా ఈ మహానుభావుడే.

“ఏమైంది రూబెన్, మొహం గట్ల పెట్టినవ్? నువ్వూ నేనూ తప్ప ఎవ్వరూ చూడలే.”

“చుట్టు తిప్పాల్సింది సార్.”

“అరే, ఛోడో యార్! తిప్పితే కప్పు పోతుండె. పకోడీ తిను.”

ఒక బ్రెడ్ పకోడీ చేతిలో పెట్టి, ఆ నూనె చేత్తోనే రూబెన్ భుజం తట్టి వెళ్ళిపోయాడు. రూబెన్ పకోడీని కుక్కకి వేశాడు. చొక్కా మీద పడ్డ నూనె మరకని ఎంత రుద్దినా పోలేదు.

విచారణ పడవల షెడ్డులో జరిగింది. క్లబ్బు సెక్రటరీ కేశవరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

“అంకుల్, డ్రమ్ము గట్టిగా ఊగింది. మైనే ఖుద్ దేఖా, నా కళ్ళతోనే,” అంది వైశాలి.

“ఊగడం సరేనమ్మా. తగలడం చూశావా?”

“లేదు. తెరచాప అడ్డమొచ్చింది.”

“నువ్వేమంటావయ్యా రఘువీర్?”

“తగల్లే సార్. అల వచ్చి ఊపింది. మా అమ్మ తోడు.”

అమ్మ తోడట! ఆవిడేం పాపం చేసిందో ఇలాంటివాడిని కన్నది. కనీసం గొంతు కూడా తడబడలేదు, సిగ్గులేని జన్మ.

“తగలడం కళ్ళతో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ పడవ పందెంలోంచి అవుట్, లేకపోతే ఫిర్యాదు కొట్టేస్తాను,” అన్నారు కేశవరావు గారు.

వైశాలి రూబెన్ వైపు చూసింది. రఘువీర్ కూడా చూశాడు, నవ్వుతూ.

రూబెన్‌కి ఎల్సా గుర్తొచ్చింది. పాస్టరు గారు గుర్తొచ్చారు. పదకొండేళ్ళ ఆదివారాలు గుర్తొచ్చాయి. ఒళ్ళంతా రోత పాకినట్టయింది. ఆ రోత రఘువీర్ మీదో, ఇంతసేపూ నోరు మూసుకు కూర్చున్న తన మీదో తెలియలేదు. లేచి నిలబడ్డాడు.

“నేను చూశాను సార్. తగిలింది. చుట్టు తిప్పలేదు.”

రఘువీర్ నవ్వు మాయమైంది.

“పాగల్ హో గయే క్యా, రూబెన్?” అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

కేశవరావు గారు పెన్ను మూత తీశారు. సాక్షి ఎక్కడినుంచి చూశాడో ఫారంలో రాసి తీరాలి. అది రూలు.

“ఎంత దూరం నుంచి చూశావు?”

“బారెడు కూడా లేదు సార్, ఆయన పడవలోనే ముందు తెరచాప తాడు పట్టుకుని కూర్చున్నాను,” అన్నాడు రూబెన్.